చెవి వినకపోతే మనసూ మూగదేనా?

ఉప్పల్‌లోనో, నాచారంలోనో మీ వాటాలోకి వినికిడి లేని కోడలొచ్చిందనుకోండి. కొన్నాళ్లకి ఆమెకి నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఊరికే కన్నీళ్లు. "చెవిటివాళ్లకి కోపమెక్కువలే" అని ఊరుకుంటాం. అది దిగులు జబ్బేమో!

డాక్టరు దగ్గరా అంతే. అడిగేది ఆయన, చెప్పేది అత్తగారు. బాధకి కారణం ఇంట్లోనే ఉంటే ఆ పిల్ల ఎలా చెప్పుకుంటుంది? చేతులు గబగబా తిప్పితే ‘పిచ్చి’ అంటారు, రాతలో తప్పులొస్తే ‘మందమతి’ అంటారు. సైగలూ ఒక భాషే, దానికీ వ్యాకరణముందని మరచిపోతారు.

వైకల్యం పేరుతో వైద్యంలో తేడా చూపకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాలకి వెళ్లొచ్చు. 2022లో మొదలైన టెలిమానస్ నంబరు 14416 ఉచితమే. కానీ మాట వినపడనివాళ్లకి ఉత్త ఫోనేం సాయం? ఆ మొదటి ఫోను మీరు చేసిపెట్టండి.

వెళ్లేముందు బధిరుల బడిలో విచారించి, సైగల భాష వచ్చిన బయటి మనిషిని తోడు తీసుకెళ్లండి. డాక్టర్ని ఆమె ముఖం చూసి మాట్లాడమనండి. తర్వాత మీరు కాసేపు బయట కూర్చోండి. అదీ సాయమే!