ఇంటి మెట్లు

ఇంటిలో ఒక అంతస్తు నుండి మరొక అంతస్తుకు నడిచి చేరుటకు నిర్మించే వరుసను మెట్లు అంటారు. సోపానాలు, పావంచాలు అనునవి పర్యాయపదాలు. ప్రతి మెట్టుకు రెండు ముఖ్య భాగాలు ఉంటాయి. పాదం మోపే పలకను మేస్త్రీలు ట్రెడ్ అని, నిలువు ఎత్తును రైజర్ అని వ్యవహరిస్తారు. ఇంటిలో వృద్ధులు, పిల్లలు పడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్న చోట్లలో మెట్లు ఒకటి. కనుక ఇతర అలంకరణల కంటే ముందుగా వీటి కొలతలను నిర్ణయించుకోవలెను.

ప్రాంతీయ నేపథ్యం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో రాయికి కొరత లేదు. పాత మిద్దెలకు మెట్లు తరచుగా ఇంటి వెలుపల ఉండేవి. కొన్ని ఇండ్లలో రాతి పలకల ఒక కొనను గోడలోనికి చొప్పించి, రెండవ కొనను ఆధారం లేకుండా వదిలేవారు. ఇవి తక్కువ స్థలంలో ఇమిడిపోతాయి, ఖర్చు కూడా తక్కువ. అయితే చేతిపట్టు లేకపోవడం, పలకల మధ్య ఖాళీలు ఉండడం వీటి లోపాలు.

సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హార్స్లీ హిల్స్‌పై సమస్య వేరు. ఏనుగు మల్లమ్మ కొండ అని కూడా పిలువబడే ఈ ప్రదేశంలో నేల ఏటవాలుగా ఉండడం వలన ఇంటి ముంగిటికి చేరుటకే మెట్లు అవసరమవుతాయి. మంచు, వాన వలన ఆరుబయటి రాతిపై పాచి పడుతుంది. వాననీరు మెట్ల మీదుగా పారకుండా ప్రక్కన చిన్న కాలువ ఏర్పాటు చేయడం, ప్రతి పలకకు వెలుపలి వైపు స్వల్పమైన వాలు ఇవ్వడం ఇందుకు తగిన పరిష్కారాలు.

కొలతలు

మనిషి అడుగు దూరానికి, మెట్టు కొలతలకు సంబంధం ఉంది. ఫ్రెంచి వాస్తుశిల్పి ఫ్రాన్సువా బ్లాండెల్ 17వ శతాబ్దంలో దీనిని ఒక సూత్రంగా చెప్పాడు. మెట్టు ఎత్తుకు రెట్టింపు, పలక వెడల్పు కలిపితే ఒక అడుగు వేసే దూరానికి సమానం కావలెను. నేడు ఈ మొత్తం 24 నుండి 25 అంగుళాలు ఉంటే సౌకర్యమని భావిస్తారు.

భారత జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం నివాస గృహాలలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లకు మించరాదు. పలక వెడల్పు 250 మిల్లీమీటర్లకు తగ్గరాదు. అనగా ఎత్తు సుమారు ఏడున్నర అంగుళాల లోపు, వెడల్పు సుమారు 10 అంగుళాలు ఉండవలెను. వృద్ధులున్న ఇంటిలో ఎత్తు ఆరు, ఏడు అంగుళాల మధ్య ఉంటే మోకాళ్ళకు శ్రమ తగ్గుతుంది.

ఉదాహరణ

క్రింది నేల నుండి పై నేల వరకు ఎత్తు 10 అడుగుల 6 అంగుళాలు, అనగా 126 అంగుళాలు అనుకొందాం.

* 18 మెట్లు అయితే ఒక్కొక్కటి 7 అంగుళాలు. ఇది సౌకర్యం.
* 17 మెట్లు అయితే సుమారు 7.4 అంగుళాలు. ఇది పరిమితి లోపలే ఉంటుంది.
* 19 మెట్లు అయితే సుమారు 6.6 అంగుళాలు. స్థలం కొంచెం ఎక్కువ కావలెను.
* 15 మెట్లు అయితే 8.4 అంగుళాలు. ఇది పరిమితిని మించుతుంది.

మెట్ల సంఖ్య బేసిగా ఉండవలెనని వాస్తును పాటించేవారి నమ్మకం. పై లెక్క ప్రకారం 17 లేదా 19 ఎంచుకొని ఆ నమ్మకాన్ని, భద్రతను రెండింటినీ నిలుపుకోవచ్చును. అయితే సంఖ్య సరిపెట్టుటకు చివరలో ఒక పొట్టి మెట్టును చేర్చడం ప్రమాదకరం.

సమానత్వం

అన్ని మెట్లు ఒకే ఎత్తున ఉండడం అన్నింటికంటే ముఖ్యం. రెండు, మూడు మెట్లు ఎక్కగానే కాలు ఆ ఎత్తుకు అలవాటు పడుతుంది. తరువాతి మెట్టు అర అంగుళం తేడాగా ఉన్నా తడబాటు కలుగవచ్చును. ఈ లోపం సాధారణంగా మొదటి, చివరి మెట్ల వద్ద కనబడుతుంది. కాంక్రీటు మెట్లు పోసిన తరువాత నేలకు రెండు అంగుళాల మందాన బండలు పరచితే మొదటి మెట్టు ఆ మేరకు పొట్టిది అవుతుంది. కాబట్టి నేల, పలకల తుది మందాన్ని ముందే లెక్కలో చేర్చవలెను.

ఆకృతులు

* నేరు మెట్లు: నిర్మాణం సులభం. పొడవైన స్థలం కావలెను, జారితే క్రింది వరకు పడే అవకాశం ఉంది.
* మధ్యలో ల్యాండింగ్‌తో వెనుకకు తిరిగే మెట్లు: ఎక్కేవారికి విశ్రాంతి దొరుకుతుంది. సాధారణ గృహాలకు ఇవి అనుకూలం.
* చుట్టు మెట్లు: స్థలం ఆదా అవుతుంది. కాని లోపలి అంచున పాదం ఆనదు, మంచాలు, బీరువాలు మోయడం, రోగిని దింపడం కష్టం.

ఉపరితలం, రక్షణ

కుప్పం పరిసరాలలో లభించే గ్రానైటు మన్నికైనది. కాని అద్దంవలె మెరుగుపెట్టిన పలక తడిసినపుడు జారుతుంది. వెలుపలి మెట్లకు గరుకు పలకలు వాడవలెను. లోపలి మెట్లకు అంచు వద్ద గాడులు కోయించవలెను. అంచు వేరే రంగులో ఉంటే చూపు తగ్గినవారు దిగేటప్పుడు సులువుగా గుర్తిస్తారు.

చేతిపట్టు సుమారు మూడు అడుగుల ఎత్తున, పిడికిట ఇమిడేటట్లు ఉండవలెను. నిలువు కమ్మీల మధ్య ఎడం నాలుగు అంగుళాలకు మించితే పసిపిల్లల తల దూరే ప్రమాదం ఉంది. అడ్డకమ్మీలను పిల్లలు నిచ్చెనవలె ఎక్కుతారు కనుక అవి తగవు. దీపానికి పైన, క్రింద రెండు చోట్ల స్విచ్చులు ఉండవలెను. మెట్ల మీదికి నేరుగా తెరుచుకొనే తలుపు పెట్టరాదు.

పాత మెట్లను పూర్తిగా మార్చడం సాధ్యం కానపుడు చేతిపట్టు, వెలుతురు, గరుకు అంచు అనే మూడింటిని సమకూర్చినా ప్రమాదం తగ్గుతుంది.