మంచుకొండకు భయమెందుకు?

సోమవారం బడిలో తోటిపిల్లలు స్కీయింగ్ కబుర్లు చెప్పుకుంటుంటే మన పిల్లలు ఊరకే వింటారు. ఎముకలు విరుగుతాయని మన భయం! చికాగోకు దగ్గరలో, విస్కాన్సిన్ సరిహద్దున విల్మాట్ ఉంది, 1938లో మొదలైంది. ఎత్తు సుమారు 200 అడుగులు, అంటే రెండు మూడు తాటిచెట్లంత. ఈ శీతకాలం మా ఇంటిల్లిపాదీ అక్కడే నేర్చుకున్నాం.

వైద్యుడిగా నాలుగు మాటలు. నూలు మేజోళ్ళు చెమటకు తడిసి పాదాలను చల్లబరుస్తాయి, ఉన్నివి తొడగండి. పడినప్పుడు స్కీ బూటు నుంచి ఊడిరావాలి, లేకుంటే మోకాలు మెలిపడవచ్చు. ఆ బిగింపును బరువు, ఎత్తు, వయసు, నేర్పులను బట్టి అమరుస్తారు కనుక బరువు అడిగితే సిగ్గుపడక నిజం చెప్పండి. పడేటప్పుడు చేతికర్ర వదిలేయండి. పట్టుకుంటే బొటనవేలి కీలుకు దెబ్బ. మొదటిరోజు శిక్షకుడి వద్ద పాఠం తప్పనిసరి.

పిల్లలు సాయంత్రానికల్లా జారతారు. పెద్దలకు కాస్త ఓపిక కావాలి, అంతే.