నిడదవోలు కోడలు, ఓరుగల్లు ఏలిక

గుండుగొలను నుంచి తాడేపల్లిగూడెం మీదుగా సాగితే చేరే నిడదవోలు 13వ శతాబ్దిలో తూర్పు చాళుక్యుల శాఖ ఒకదానికి కేంద్రం. ఆ వంశపు వీరభద్రునికి కాకతీయ గణపతిదేవుడు కుమార్తె రుద్రమదేవినిచ్చి చేసిన వివాహం గోదావరి సీమపై కాకతీయ రాజధాని ఓరుగల్లు పట్టును బిగించిన రాజకీయ బంధం.

స్త్రీ ఏలుబడిని సామంతులు, అంటే కప్పం కట్టి సేనలు పంపే స్థానిక ప్రభువులు, సులభంగా ఒప్పుకోని ఆ కాలంలో రుద్రమ తండ్రి వారసురాలిగా 'రుద్రదేవ మహారాజు' అనే పురుషనామంతో పాలించి, దేవగిరి యాదవ మహాదేవుని దండయాత్రను తిప్పికొట్టింది. వేంగిలోకి చొచ్చుకువచ్చిన కళింగ గాంగులను ఆమె సేనానులు పోతినాయకుడు, ప్రోలినాయకుడు ఓడించారు. తండ్రి గెలిచిన నేలను నిలబెట్టడమే ఆమె అసలు ఘనత.

ఆమె అధికారం ఎంత అరుదైనదో ఒక పోలికతో తెలుస్తుంది: ఆరు శతాబ్దాల తరువాత అమెరికాలో జేన్ మెక్‌మానస్ కాజ్నో 'కోరా మాంట్‌గోమరీ' కలంపేరుతో దేశ విస్తరణను సమర్థిస్తూ రాసి, మెక్సికో యుద్ధకాలంలో రహస్య రాయబార బృందంతో మెక్సికో నగరానికి వెళ్లినా, ఆమెకు ఓటు హక్కు కూడా లేదు. రుద్రమ సింహాసనం మీదినుంచే శాసించింది, రణరంగానికీ వెళ్లింది.

కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుని తిరుగుబాటును అణచే పోరులోనే ఆమె మరణించిందని చరిత్రకారులు ఊహిస్తారు; ఇందుకు ఆధారంగా చూపే 1289 నవంబరు నాటి చందుపట్ల శాసనంలో పువ్వుల ముమ్మడి అనే భటుడు రుద్రమదేవికీ, సేనాని మల్లికార్జున నాయకునికీ పుణ్యంగా చేసిన భూదానం నమోదై ఉంది.