నలుగురూ కలిసి పని చేయాలంటే

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పనిమనిషిని కుదుర్చుకోవడం ఎంత ప్రయాసో మీకు నేను చెప్పనక్కర్లేదు. జీతం మాట్లాడుకోవాలి. ఏ పనులు చేయాలో, ఏవి చేయనక్కర్లేదో ముందే అనుకోవాలి. నెలకి ఎన్ని నాగాలో ఒప్పుకోవాలి. గిన్నెకి జిడ్డు అలాగే ఉండిపోతే చెప్పాలి. చెప్పినందుకు ఆమె మానేయకుండా చూసుకోవాలి. ఆఫీసుల్లో దీన్నే మేనేజ్‌మెంటు అంటారు. అది నేర్పడానికి పెద్ద పెద్ద కాలేజీలున్నాయి, లక్షల్లో ఫీజులున్నాయి. మనం ఫీజు కట్టకుండానే రోజూ ఆ పరీక్ష రాస్తున్నాం, ఒక్కోసారి తప్పుతున్నాం కూడా.

ఇద్దరి మధ్యనైతే ఎలాగో సర్దుకుపోతాం. నలుగురు చేరి ఒక పని తలపెట్టినప్పుడే అసలు చిక్కు. ఒక వేసవిలో మా వీధిలో నలుగురం కలిసి గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు పెట్టి దుకాణానికి వేశాం. మొదటి నెల బాగానే గడిచింది. మాలో ఒకావిడ తెచ్చే వడియాలు సరిగా ఎండేవి కావు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. ఆవిడకి చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. “ఏమనుకుంటుందో” అని నేను, “మీరు చెప్పండి” అని ఇంకొకరు. చివరికి దుకాణదారు బూజు పట్టిన పొట్లాలు తిరిగి పంపించాడు. దసరా నాటికి పేరంటానికి పిలుచుకోవడం కూడా మానేశాం.

ఇది జరిగాక నాకు లిజ్జత్ అప్పడాల వారి సంగతి తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది. ఆ పొట్లం మనందరి వంటిళ్ళలోనూ ఎప్పుడో ఒకప్పుడు ఉన్నదే. దాని వెనక ఉన్న కథే మనలో చాలామందికి తెలియదు.

1959 మార్చి 15వ తేదీన బొంబాయి గిర్‌గాంలో, లోహానా నివాస్ అనే భవనం డాబా మీద ఏడుగురు గుజరాతీ గృహిణులు అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. పెట్టుబడి 80 రూపాయలు, అదీ అప్పే. ఇచ్చినాయన ఛగన్‌లాల్ పారేఖ్ అనే సంఘసేవకుడు. ఆ రోజు తయారైనవి నాలుగు పొట్లాలు. భులేశ్వర్‌లో తెలిసిన వ్యాపారికి అమ్మారు. మొదటి ఏడాది మొత్తం అమ్మకం 6,196 రూపాయలు. విరిగిన అప్పడాలు ఇరుగుపొరుగుకి పంచిపెట్టేవారట. ఆ యేడు వానాకాలంలో ఎండ లేక నాలుగు నెలలు పనే ఆగిపోయింది. మరుసటి ఏడాది ఒక మంచం, ఒక స్టవ్ కొన్నారు. మంచం మీద అప్పడాలు పరిచి, కింద స్టవ్ వెలిగించి ఆరబెట్టారు. మన ఇళ్ళల్లో ముసురు రోజుల్లో పిల్లల బట్టలు ఆరబెట్టుకునే పద్ధతే కదూ!

మొదట్లో వారు రెండు రకాలు చేయాలనుకున్నారు, మంచిది ఒకటి, చౌకది ఒకటి. ఛగన్‌లాల్ గారు ఒప్పుకోలేదు. ఒకే రకం చేయండి, అది మంచిదే చేయండి, లెక్కలు సరిగా రాయండి అన్నారు. నష్టం వచ్చినా విరాళాలు పుచ్చుకోకూడదని వారికి వారే నియమం పెట్టుకున్నారు.

ఇప్పుడు నలభై అయిదు వేల మంది దాకా సభ్యులు. వ్యాపారం వెయ్యి కోట్లు దాటింది. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ వచ్చింది.

ఇంతమందిని నడిపేదెలా? చేరేవాళ్ళు ఆడవాళ్ళయి ఉండాలి, నియమాలకి కట్టుబడి ఉంటామని ప్రతిజ్ఞ చేయాలి. చదువు, కులం, మతం అడగరు. ఇంట్లో అప్పడాలు ఒత్తి ఆరబెట్టుకోవడానికి శుభ్రమైన చోటుందా లేదా అని మాత్రం చూస్తారు. చోటు లేకపోతే పొమ్మనరు. పిండి కలిపే పనో, పొట్లాలు కట్టే పనో, సరుకు పరీక్షించే పనో ఇస్తారు. మనిషిని తీసుకునేటప్పుడు ఆమెకి ఏది వీలో చూసి పని కుదర్చడం అన్నమాట. మనమేమో ముందు మనిషిని పెట్టుకుని తర్వాత ఆమె మనకి పనికిరాదని విసుక్కుంటాం.

పొద్దున్నే సభ్యులు శాఖకి వస్తారు. నిన్న ఒత్తినవి అప్పగిస్తారు, అక్కడే తూకం, ఆరుదల, వాటం చూస్తారు. బాగుంటే కూలి చేతిలో పెడతారు, ఇవాళ్టి పిండి ఇస్తారు. బాగాలేకపోతే అప్పుడే చెప్తారు. నాకు నచ్చింది ఇదే. మా వడియాల ఆవిడకి మేము నెలరోజుల తర్వాత కూడా చెప్పలేకపోయిన మాట అక్కడ తెల్లవారేసరికి చెప్పేస్తారు. అందరి సరుకూ అందరి ఎదుటా, రోజూ, ఒకే కొలతతో చూస్తారు కాబట్టి “నన్నే ఎందుకన్నారు” అనడానికి చోటు ఉండదు. చూసేవారు కూడా బయటినుంచి వచ్చిన అధికారి కాదు, వారిలో వారే. శాఖను నడిపే సంచాలిక సైతం సభ్యురాలే. అందరూ ఒకరికొకరు “బెన్”, అంటే అక్కయ్యే. పైన ఇరవై ఒక్కమంది సభ్యుల కమిటీ ఉంది. లెక్కలు రాయడానికి, బండ్లు నడపడానికి మగవాళ్ళని జీతానికి పెట్టుకుంటారు గాని సభ్యత్వం ఇవ్వరు. ఈ మాట విని మా ఇంట్లో ఒకరు కాస్త చిన్నబుచ్చుకున్నారు.

లాభమొస్తే పంచుకుంటారు, నష్టమొస్తే భరిస్తారు. నిర్ణయాలు ఏకాభిప్రాయంతోనే. ఒక్కరు గట్టిగా వద్దన్నా ఆగాల్సిందే. దీనివల్ల పని జాప్యం కాదా అని మీరడగొచ్చు. అవుతుంది. కానీ అందరూ ఒప్పుకుని మొదలుపెట్టిన పనిని మధ్యలో ఎవరూ గొణుక్కుంటూ చేయరు.

అలాగని అంతా బంగారమని నేననను. ఒత్తినంతకే కూలి. జ్వరమొచ్చి పిండి తెచ్చుకోలేని మనిషికి ఆ రోజు ఒత్తిన కూలి రాదు. యజమాని అన్న మాట వినడానికి ఎంత గొప్పగా ఉన్నా పీట ముందు గంటల తరబడి వంగి కూర్చున్న నడుం నొప్పి నొప్పే. మీలో ఎవరైనా ఇలాంటిది తలపెడితే జబ్బు చేసిన సభ్యురాలికి ఏమిస్తామన్నది మొదటి రోజే పుస్తకంలో రాసుకోండి. లాభం ఎలా పంచుకోవాలన్నది తర్వాత చూసుకోవచ్చు.

మొన్న మా వీధిలో ఒకావిడ ఎదురై, ఈ వేసవికి మళ్ళీ వడియాలు మొదలుపెడదామా అన్నారు. సరేనన్నాను. ఎండాయో లేదో రోజూ ఎవరు చూస్తారు, బాగాలేకపోతే ఎవరు చెప్తారు అని అడిగాను. మా ఇంట్లోంచి వచ్చినవి బాగాలేకపోతే నాతో కూడా చెప్పాలన్నాను. ఆవిడ కొంచెంసేపు ఊరుకుని, ఆదివారం నలుగురం కూర్చుని మాట్లాడుకుందామన్నారు. ఆ నాలుగో ఆవిడని పిలవడానికి నేనే వెళ్ళాలి.