ఉమ్మడి గోడల ఇండ్లు

పది కుటుంబములు కలిసి ఉన్నచో ఖర్చు తగ్గునని అందరూ అనుకొందురు. ఇంటిలోని వేడి విషయమున ఎంత తగ్గునో ఒక చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును.

ఒక ఇల్లు సమఘనాకారమున ఉన్నదనుకొందము. నేలకు ఆనిన ముఖమును విడిచినచో, బయటి గాలి తగులు ముఖములు 5. విడివిడిగా కట్టిన 4 ఇండ్లకు ఇవి 20. ఆ నాలుగింటిని గోడకు గోడ ఆనించి ఒకే వరుసగా కట్టినచో 6 ముఖములు కలిసిపోయి, 14 మాత్రమే మిగులును. ఇంటిలోని చోటు తగ్గలేదు. వేడి పోవు వైశాల్యము మాత్రము నూటికి 30 వంతులు తగ్గినది.

లండన్ దక్షిణభాగమున బెడ్డింగ్టన్ వద్ద 2002లో పూర్తియైన బెడ్‌జెడ్ నివాససముదాయములో ఈ సూత్రమును చూడవచ్చును. బిల్ డన్‌స్టర్ అను వాస్తుశిల్పి సుమారు 100 ఇండ్లను వరుసలుగా కూర్చి, కిటికీలను దక్షిణమునకు త్రిప్పినాడు. అచ్చట చలికాలమున సూర్యుడు దక్షిణాకాశమున చాల క్రిందుగా ఉండును గనుక ఎండ నేరుగా గదులలోనికి వచ్చును. ఆ వేడి తిరిగి పోకుండ గోడలలో సుమారు 300 మిల్లీమీటర్ల మందమున ఉష్ణబంధక పదార్థమును నింపినారు.

వీటితోబాటు రెండు ఉమ్మడి యంత్రములను కూడ ఏర్పరచినారు. ఒకటి కొయ్యముక్కలను మండించి విద్యుత్తును, వేడినీటిని ఇచ్చునది. రెండవది మొక్కల సాయమున మురుగునీటిని శుద్ధిచేయునది. మొదటిది తరచు చెడిపోవుచు 2005లో ఆగిపోయినది. అటుపై నీటిని కాచుటకు సహజవాయువును వాడవలసివచ్చెను. రెండవదానిని నడుపుట ఖర్చుతో కూడిన పని అగుటచే దానిని కూడ ఆపివేసిరి.

గోడలు, కిటికీలు మాత్రము ఆగలేదు. ఎందుచేత? యంత్రమునకు ప్రతిదినము నడుపువాడు కావలెను, విడిభాగములు కావలెను. పెద్ద నగరమున ఆ ఖర్చును లక్షలమంది పంచుకొందురు. నూరు ఇండ్లకు అది మోయరాని భారము. పైగా ఉమ్మడి యంత్రము ఆగిన దినమున అందరి ఇండ్లలోను వేడినీరు ఆగును. గోడకు ఒకసారి పెట్టిన ఖర్చే. దానిని నడుపువాడు అక్కరలేదు.

కావున ఉమ్మడి నివాసములకు నమూనా గీయువారు మొదట ఇండ్ల అమరికను, దిక్కును, గోడలను సరిచూచుకొనవలెను. యంత్రమును పెట్టుటకు ముందే దానిని ఎవరు నడిపెదరో, చెడిన ఎవరు బాగుచేసెదరో నిశ్చయించుకొనవలెను.

తరగతిలో 4 సుద్దపెట్టెలను రెండేసి చొప్పున రెండు వరుసలుగా పేర్చి చూడుడు. బయటి ముఖములు ఇంకను తగ్గును. కాని వెనుక వరుసకు దక్షిణపు ఎండ అందునా?