వ్యసనవిముక్తికి చాట్‌బాట్: అపోహలు – వాస్తవాలు

మద్యమునో మాదకద్రవ్యమునో విడిచి, ఆ నిశ్చయమును దినదినమును నిలుపుకొనవలసిన మనుష్యునికి, ఇంటివారు నిద్రించిన పిదప తృష్ణ తలయెత్తు ఘడియ మిక్కిలి కఠినమైనది. అట్టి వేళ చేతనున్న ఫోనులోని చాట్‌బాట్‌తో మాటలాడువారు నేడు కలరు. ఈ సాధనమును గూర్చి అతివిశ్వాసమును, అతితిరస్కారమును రెండును వ్యాపించియున్నవి. రెండింటివలనను నష్టపడువాడు రోగియే గనుక నిజానిజములను విడదీసి చూచుట అవసరము.

అపోహ: యంత్రముతో మాటలాడుట వట్టి కాలక్షేపము.

వాస్తవము: తృష్ణ ఎంత తీవ్రమైనదైనను సాధారణముగా కొంతసేపు పెచ్చరిల్లి తానే తగ్గును. ఆ కొద్దిసేపు మనస్సును మరలించి, ఏ తావున, ఏ సహవాసమున, ఏ ఆవేశమున ఆ కోరిక పుట్టినదో రోగిచేతనే చెప్పించుట మనోవైద్యులు చిరకాలముగా అనుసరించుచున్న పద్ధతి. ఈ మార్గముననే రూపొందిన వోబాట్ అను చాట్‌బాట్‌ను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎనిమిది వారములు పరీక్షించి, వాడినవారిలో తృష్ణయు, త్రాగుటయు తగ్గినట్లు 2021లో ప్రకటించిరి. ఆ తొలి పరిశీలనలో పోల్చిచూచుటకు వేరొక వర్గము లేదు గనుక దానిని నిరూపణగా గాక ఆశాజనకమైన సూచనగా గ్రహింపవలెను. పరుల యెదుట నోరు విప్పుటకు సిగ్గుపడువాడు యంత్రమునకు నిజము చెప్పుటయు వింత కాదు. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ ప్రకటించిన ఎలైజా అను మిక్కిలి సరళమైన ప్రోగ్రాముతోనే జనులు తమ అంతరంగమును విప్పి చెప్పుకొనిరి.

అపోహ: చాట్‌బాట్ ఉన్నచో వైద్యునితో పనిలేదు.

వాస్తవము: అన్నింటికంటె ప్రమాదకరమైన భ్రాంతి యిదియే. ఏండ్లతరబడి అతిగా త్రాగినవాడు ఒక్కసారిగా మానివేసినచో తొలి రెండు దినములలో చేతులు వణకి ఫిట్స్ రావచ్చును. రెండు మొదలు నాలుగు దినముల నడుమ మతిభ్రమ కలిగి, లేనివి కనబడి, జ్వరము హెచ్చి, ప్రాణమునకే ముప్పు వాటిల్లవచ్చును. దీనికి తగిన మందులును, థయమిన్ ఇంజెక్షనులును, రేయింబవళ్ళ పర్యవేక్షణయు కావలెను. నాడి చూడజాలనిది, చెమట పట్టిన నుదుటిని తాకజాలనిది ఈ భారమును మోయలేదు. పైని చెప్పిన పరిశోధకులు సైతము మద్యమువలన ఇట్టి తీవ్రోపద్రవములు కలిగియున్నవారిని తమ పరీక్షలో చేర్చుకొనలేదు.

అపోహ: అది పలుకునదంతయు నిపుణుల మాటయే.

వాస్తవము: అమెరికాలో ఆహారసంబంధమైన మానసికరుగ్మతలు గలవారికై ఒక జాతీయసంస్థ నడిపిన టెస్సా అను చాట్‌బాట్, అట్టివారికే బరువు తగ్గు ఉపాయములు బోధించుటచే 2023లో దానిని తొలగింపవలసివచ్చినది. అంతేగాక, నేటి చాట్‌బాట్‌లకు ఎదుటివాని మాటకు తలయూపు స్వభావము కలదు. ఒక్క పెగ్గుతో ఏమగునని తన్ను తాను నమ్మించుకొనువానికి ఇంతకంటె కీడు చేయునది లేదు.

అపోహ: అక్కడ చెప్పుకొనినది ఎవరికిని తెలియదు.

వాస్తవము: మద్యవ్యసనమునకు ఆన్‌లైన్‌లో చికిత్స నందించు మాన్యుమెంట్ అను సంస్థ, రోగుల ఆరోగ్యవిషయములను ప్రకటనల సంస్థలకు అందజేసినదని 2024లో అమెరికా ప్రభుత్వపు వాణిజ్యసంఘము అభియోగము మోపినది. కావున పేరును, ఉద్యోగమును, ఊరును చాట్‌బాట్‌కు తెలుపక, దానిని నడుపువారు సమాచారము నెవరెవరికి ఇత్తురో చదివిన పిమ్మటనే మనసు విప్పుట క్షేమము.

చాట్‌బాట్ మంచిదో చెడ్డదో తేల్చుటకు ఒక్క గుర్తు చాలును: ఆపద వచ్చినపుడు అది రోగిని తనయొద్దనే నిలుపుకొనుచున్నదా, మనుష్యుల వద్దకు పంపుచున్నదా? మన దేశమున డీఅడిక్షన్ సలహాలకు 14446, మానసికవ్యథకు తెలుగులోను మాటలాడు టెలి-మానస్ వారి 14416 ఉచితముగా లభించును. ఇంటివారు సైతము ఫోనుతో మాటలాడువానిని పరిహసింపక, ప్రేమతో కూర్చుండబెట్టి, వైద్యుని యొద్దకు తామే తోడు వెళ్ళుట ధర్మము. ఆ తోడు లేనినాడు ఎంతటి సాధనమైనను వానిని నిలుపజాలదు.