ముప్పైమూడు తలుపుల ఇల్లు

ఓ రైతు పాసుబుక్కులో రెండెకరాల పది గుంటలు ఉండాల్సిన చోట ఎకరా ముప్పై గుంటలే పడింది. ఆ రైతు మీసేవా కేంద్రానికి వెళ్తాడు.

“పెద్దాయనా, ఏ మాడ్యూల్ల పెట్టాలె?” అంటాడు ఆపరేటరు.

“నాకేం ఎరుక బిడ్డా! ఇరవై గుంటలు తక్కువ పడ్డది.”

ఇది ఊహించి రాసిన సంభాషణే అయినా, భూ రికార్డుల కోసం పెట్టిన ధరణి పోర్టల్ నడిచిన రోజుల్లో తెలంగాణ పల్లెల్లో కొత్తదేం కాదు. 2020 అక్టోబరు 29న మొదలైన ఆ పోర్టల్‌లో దరఖాస్తుల మాడ్యూళ్లు చివరికి 33కి చేరాయి. విరాసత్‌కు (వారసత్వ మార్పిడికి) ఒకటి, కోర్టు కేసుకు ఒకటి, పాసుబుక్కులో తప్పులు సరిదిద్దడానికి ‘టీఎం 33’. ఇన్నెందుకయ్యాయి? కొత్త రకం సమస్య బయటపడ్డప్పుడల్లా దానికో మాడ్యూల్ చేరుస్తూ పోయారు. ఇంటికి అవసరం వచ్చినప్పుడల్లా ఓ గది వేసుకుంటూ పోతే, చుట్టం వచ్చినప్పుడు వాకిలి ఎటో తెలియనట్టే.

చిక్కు అసలు ఎక్కడుండేదంటే, మాడ్యూళ్ల పేర్లు కార్యాలయం భాషలో ఉండేవి, రైతు బాధ రైతు భాషలో ఉండేది. ఒకదాన్ని మరోదానిలోకి మార్చే పని రైతు నెత్తినే పడింది. పొరపాటున వేరే మాడ్యూల్‌లో పెడితే దరఖాస్తు తిరిగొచ్చేది, కథ మళ్లీ మొదటికొచ్చేది.

ఈ ఇబ్బంది మనకే పరిమితం కాదు. బ్రిటన్‌లో ప్రభుత్వ డిజిటల్ సేవల విభాగం తన పనికి పెట్టుకున్న మొదటి సూత్రం, ప్రజల అవసరంతో మొదలుపెట్టాలన్నదే. 2012 అక్టోబరులో అది తెచ్చిన ఉమ్మడి వెబ్‌సైటు వెనక ఆలోచన కూడా అదే: ఏ పని ఏ శాఖదో జనం తెలుసుకోనక్కర్లేదు.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో వచ్చిన భూభారతి ఆ 33 మాడ్యూళ్లను ఆరుకు కుదించింది. మంచి మార్పే. అయితే తగ్గించిన పని మాయమైపోదు. దరఖాస్తు ఏ కోవదో తేల్చే పనిలో ఎక్కువ భాగం ఇక రెవెన్యూ కార్యాలయం మీద పడుతుంది. రైతుకు తేలికయిందంటే అర్థం, ఆ బరువు ఆఫీసు భుజం మీదికి మారిందనే. అక్కడ తగినంత సిబ్బంది, తీరిక లేకపోతే ఎదురుచూపు తెరమీద కాకుండా తలుపు బయట మొదలవుతుంది.

తెర ఎంత మార్చినా తీరని సంగతులు ఇంకో రెండున్నాయి. ఒకటి, పాత రికార్డులోని తప్పు. 2017లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనలో దొర్లిన పొరపాటు కంప్యూటర్‌లోకి అలాగే ఎక్కితే, మీట నొక్కినంత మాత్రాన సరికాదు. పొలం దగ్గరికి వెళ్లి కొలవాల్సిందే. రెండోది, అధికారం. తప్పు సరిదిద్దే అధికారం చాలాకాలం కలెక్టరు దగ్గరే ఉండిపోవడం సాఫ్ట్‌వేర్ లోపం కాదు, నిబంధనల లోపం. అందుకే భూభారతి పోర్టల్‌తో పాటు చట్టమూ మారింది, అప్పీలుకు దారి తెరుచుకుంది.

మరి బాగుపడిందని ఎలా తెలుస్తుంది? ఓ రోజు మీసేవాలో నిలబడి వింటే చాలు. ఆపరేటరు “ఏ మాడ్యూల్?” అని కాకుండా “ఏమైంది పెద్దాయనా?” అని మొదలుపెడితే సగం పని అయినట్టు. ఆ ఇరవై గుంటలు పాసుబుక్కులో ఎక్కిన రోజు మిగతా సగం.